వెయ్యి సెన్సార్లకు ఆర్డరిచ్చే ముందు
పరికరం ధర చౌకే, పోషణే బరువు: కోల్డు స్టోరేజీ యజమానులు వేసుకోవలసిన లెక్క

గుంటూరు మిర్చి వ్యాపారంలో సరుకు కొన్ననాడే లాభనష్టాలు తేలవు. సీజనులో యార్డుకు వచ్చిన టిక్కీలలో వెంటనే అమ్ముడుపోనివీ, మంచి ధర కోసం రైతులు, స్టాకిస్టులు ఆపుకొన్నవీ కోల్డు స్టోరేజీలకు చేరుతాయి. నెలల తర్వాత నమూనాకని టిక్కీ విప్పిన రోజున గాని రంగు నిలిచినదీ లేనిదీ తెలియదు. ఆ మధ్యకాలంలో ఎన్ని గంటలు కరెంటు పోయినదీ, ఛాంబరు తలుపు ఎంతసేపు తెరచి వున్నదీ చెప్పవలసినది ఆపరేటరు వ్రాసే లాగ్ పుస్తకం. ఆ పుస్తకంలో అంకెలు ఏడాది పొడుగునా ఎంత నిలకడగా వుంటాయో సరుకు పెట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ లోటు తీర్చడానికి స్మార్టు సెన్సార్లు వచ్చాయి. అరచేతిలో పట్టే పెట్టె ఉష్ణోగ్రతను, గాలిలో తేమను కొలిచి, ఇంటర్నెట్ ద్వారా యజమాని సెల్‌ఫోనుకు పంపుతుంది. అమ్మే కంపెనీ ప్రతినిధి ఒక ఛాంబరులో నాలుగు పెట్టి చూపిస్తే అవి బాగానే పనిచేస్తాయి. చిక్కు అక్కడ లేదు. ఒకే యాజమాన్యం కింద నాలుగైదు స్టోరేజీలు, ఒక్కొక్కదానిలో పలు ఛాంబర్లు, ప్రతి అంతస్తుకు రెండో మూడో పెట్టెలు, పైగా కంప్రెసర్లకు, జనరేటర్లకు కొన్ని అనుకొంటే లెక్క వందలలోకి పోతుంది. రిఫ్రిజిరేటెడ్ వ్యానులు నడిపే రొయ్యల ఎగుమతిదారులకైతే వెయ్యి కూడ ఎక్కువ కాదు. నాలుగు పెట్టెల వ్యవహారం వేరు, వెయ్యి పెట్టెల వ్యవహారం వేరు.

ముందు బ్యాటరీ సంగతి చూద్దాం. అయిదేళ్లు వస్తుందని కాగితం మీద వుంటుంది. నిజమే అనుకొన్నా, వెయ్యి పెట్టెలకు సగటున ఏడాదికి 200 బ్యాటరీలు మార్చవలసి వస్తుంది. కాని వ్యవహారం సగటు ప్రకారం నడవదు. అన్నీ ఒకే నెలలో బిగిస్తే, అన్నీ ఇంచుమించు ఒకే నెలలో అయిపోతాయి. ఆ నెల సీజను మధ్యలో పడినదంటే, టిక్కీలు నిండిన ఛాంబరులో నిట్ట వెనుక పెట్టెను అందుకొనే హమాలీ దొరకడు. పైగా ఆ అయిదేళ్ల లెక్క సాధారణ గది వాతావరణానికి కట్టినదై వుంటుంది. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది. పావుగంటకొకసారి వార్త పంపితే రోజుకు 96 సార్లు, గంటకొకసారి అయితే 24 సార్లు రేడియో పనిచేస్తుంది. చల్లబడిన టిక్కీల గుట్ట పావుగంటలో వేడెక్కదు గనుక, కొలతకు గంట వ్యవధి చాలును. తలుపు తెరచి వుండుట, కరెంటు పోవుట వంటివి మాత్రం తక్షణం తెలియవలెను. ఈ రెంటినీ విడదీసి అడిగే కొనుగోలుదారు బ్యాటరీ ఖర్చు చాలావరకు తగ్గించుకోగలడు.

తర్వాతది రేడియో. బయట రోడ్డు మీద నిలబడి సెల్‌ఫోనులో సిగ్నలు చూసి తృప్తిపడరాదు. ఛాంబరు గోడలకు ఇన్సులేషన్, దానిపై చాలాచోట్ల లోహపు రేకు, లోపల కప్పుదాకా సరుకు వుంటాయి. ఖాళీ ఛాంబరులో చక్కగా పలికిన పెట్టె, నిండిన ఛాంబరులో మూగబోవచ్చు. అందుచేత పరీక్ష నిండిన ఛాంబరులోనే జరగవలెను. ప్రతి పెట్టెలోను సిమ్ కార్డు వేయుట కంటె, లోపలి పెట్టెలు తక్కువ శక్తి రేడియోతో వెలుపలి గేట్‌వే పెట్టెకు వార్త చేర్చి, అక్కడినుండి ఒకే సిమ్‌తో బయటికి పంపే పద్ధతి స్టోరేజీలకు అనుకూలం. లోరా అనే ఈ రకం రేడియోకు మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ ప్రాంతపు బ్యాండులో లైసెన్సు అవసరం లేదు. గేట్‌వేకు జనరేటరు కరెంటుతో పాటు సొంత బ్యాటరీ కూడ వుండవలెను. లేకుంటే కరెంటు పోయిందని చెప్పవలసిన పెట్టే కరెంటుతో పాటు పోతుంది.

సెన్సారు ఎక్కడ పెట్టినదన్నదీ ముఖ్యమే. చల్లగాలి వచ్చే మూల పెట్టిన సెన్సారు ఎప్పుడూ శుభవార్తే చెబుతుంది. తలుపు దగ్గర, గుట్ట నడుమ పెట్టినది నిజం చెబుతుంది. తేమ కొలిచేవి కాలక్రమేణా దారి తప్పుతాయి. తూకం రాళ్లకు ముద్ర వేయించినట్లే, వీటికీ ఏటేటా ప్రమాణ పరీక్ష చేయించవలెను. ఉష్ణోగ్రత సెన్సారునైతే తడి తగలకుండా కట్టి నలగగొట్టిన మంచు, నీరు కలిపిన పాత్రలో వుంచితే సున్నా డిగ్రీలు చూపవలెను. ఈ పరీక్షకు ఇంజనీరు అక్కరలేదు.

అసలు చిక్కు అలారములో వున్నది. వేసవి ఎండలో కాగిన టిక్కీలు లోపలికి చేరే రోజులలో ఛాంబరు వేడెక్కుట సహజం. హద్దు 10 డిగ్రీలని ఏడాది పొడుగుకూ ఒకటే పెట్టితే, లోడింగు జరిగే వారాలలో ఫోను రాత్రింబగళ్లు మోగుతుంది. నాలుగో రోజున ఆపరేటరు దాని నోరు నొక్కుతాడు. తర్వాత వర్షాకాలంలో నిజంగా కంప్రెసరు ఆగిన రాత్రి ఎవరికీ వినబడదు. లోడింగు నెలలకు ఒక హద్దు, నిల్వ నెలలకు వేరొక హద్దు వుండవలెను. రాత్రి 2 గంటలకు మోగితే మొదట ఎవరు లేవాలి, పది నిమిషాలలో పలకకపోతే తర్వాత ఎవరికి పోవాలి అన్నది పరికరం కొనకముందే వ్రాసుకోవలెను. వెయ్యింటిలో నూటికి తొంభైతొమ్మిది పనిచేసినా పది మూగబోయి వుంటాయి. వార్త రాలేదంటే అంతా క్షేమమని అనుకొనే అలవాటు మనది. వార్త రాకపోవుటను కూడ అలారంగా చూపే ఏర్పాటు లేని యంత్రాంగాన్ని కొనవద్దని మా సలహా.

కంపెనీ వాగ్దానాల కాలపరిమితి మరొక సంగతి. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2022 ఫిబ్రవరిలో 3జీ నెట్‌వర్క్ మూసివేసినపుడు, దానిపై ఆధారపడిన పాత అలారం పెట్టెలను, వాహన పరికరాలను మార్చుకోవలసి వచ్చినది. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019లో కలకత్తాతో మొదలుపెట్టి 3జీని తీసివేసినది. గూగుల్ వంటి సంస్థే పరికరాలను కలిపే తన ఐఓటీ కోర్ సేవను ఏడాది నోటీసుతో 2023 ఆగస్టులో నిలిపివేసినది. పదేళ్లు వుండవలసిన పెట్టె ఏ నెట్‌వర్క్ మీద, ఎవరి కంప్యూటరు మీద బ్రతుకుతున్నదో అడిగి తెలుసుకొనుట తప్పు కాదు. సర్వరు మారితే పెట్టెలను ఊడదీయకుండానే కొత్త చిరునామా ఇవ్వగలరా అన్న ప్రశ్నకు సూటి జవాబు రావలెను. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను చేజిక్కించుకొని దుండగులు 2016 అక్టోబరులో అమెరికాలో పెద్ద వెబ్‌సైట్లనే స్తంభింపజేసినారు గనుక ఆ మార్పు బిగించిన రోజే జరగవలెను.

దూరం నుండి ఆజ్ఞ పంపగల పరికరాల విషయంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. 2020 ఆగస్టు 12న, కృష్ణాష్టమినాడు, ఉత్తరప్రదేశ్‌లో లక్షకు పైగా స్మార్టు మీటర్ల వినియోగదారులకు ఒక్కసారిగా కరెంటు పోయినది. కేంద్రం నుండి వెళ్లిన తప్పు ఆజ్ఞే కారణమని వెల్లడైనది. కంప్రెసరును ఫోనులో ఆపే సౌకర్యం చూడ ముచ్చటగా వుండవచ్చును. కొలిచే పని యంత్రానికిచ్చి, ఆపే పని మనిషి చేతిలో వుంచుట స్టోరేజీలకు క్షేమం.

పెద్దయెత్తున ఈ పని సవ్యంగా నడిచిన ఉదాహరణా లేకపోలేదు. మర్స్క్ ఓడల కంపెనీ తన రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో సుమారు 2,70,000 కు మోడెములు బిగించి, సముద్రం మీద వార్త అందుటకు ఓడలలో ఉపగ్రహ పరికరాలు పెట్టి, 2017లో ఆ సమాచారాన్ని ఖాతాదార్లకు కూడ తెరచినది. మన కోస్తా రొయ్యలను విదేశాలకు చేర్చేది ఈ రకం కంటైనర్లే. అక్కడ గమనించవలసినది ఒకటున్నది. సరుకు యజమానికి చూపకముందు కంపెనీ కొంతకాలం ఆ వార్తలను తన పనికే వాడుకొన్నది. కంటైనరును మనిషి తనిఖీ చేసే శ్రమ తగ్గినది, చెడిపోయిన యంత్రం ముందే తెలిసినది. పరికరాల ఖర్చుకు ఆదాయం అటునుండి కూడ వచ్చినది. మన స్టోరేజీలలో కరెంటు బిల్లు, డీజిలు ఖర్చు ఏ ఛాంబరు వల్ల పెరుగుతున్నదో తెలిసినా అటువంటి ఆదాయమే.

పోతే, సమాచారం ఎవరి సొత్తు? అద్దె కట్టే స్టాకిస్టుకు తన ఛాంబరు లెక్క చూసే హక్కు వున్నదా, స్టాకు మీద అప్పిచ్చిన బ్యాంకుకు వున్నదా అన్నది అద్దె కాగితంలోనే తేలవలెను. సరుకు చెడినదని తగాదా కోర్టుకెక్కితే, 2024 జూలై నుండి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతపరచవలసి వుంటుంది. అంకెలను ఎవరు, ఎక్కడ, ఎంతకాలం భద్రపరుస్తారో తెలియకపోతే ఆ సర్టిఫికెట్ ఇచ్చే నాథుడు వుండడు. ఇంకొక మాట. 2013లో నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిలో సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు నిలిచిపోయినపుడు, చూపిన సరుకు గిడ్డంగులలో లేదన్నదే పెద్ద రభస అయినది. ఛాంబరు చల్లగా వున్నదని సెన్సారు చెబుతుంది. అందులో టిక్కీలు ఎన్ని, ఎవరివి అన్నది చెప్పదు. బ్యాంకు మేనేజర్లు ఈ తేడా మరువరాదు.

ఆర్డరు ఒక్కసారిగా ఇవ్వకుండా మూడు దఫాలుగా ఇచ్చుట మేలు. మొదటి దఫా ఒకే స్టోరేజీకి, ఒక లోడింగు సీజను, ఒక వర్షాకాలం గడిచేవరకు. రెండో దఫాకు ధర ముందే ఖరారు చేసుకొని, మొదటి దఫాలో ఎన్ని మూగబోయినవో చూసి సంఖ్య తేల్చుకోవచ్చును. నూటికి అయిదైనా విడి పెట్టెలు గుంటూరులోనే నిల్వ వుండవలెను. ప్రతి పెట్టెకు నంబరు వేసి, ఏ ఛాంబరు, ఏ అంతస్తు, ఎప్పుడు బిగించినది, బ్యాటరీ ఎప్పటిది అన్న చిట్టా గుమాస్తా చేత వ్రాయించవలెను. దఫాలుగా బిగిస్తే బ్యాటరీలు కూడ దఫాలుగానే అయిపోతాయి. పాత బ్యాటరీల సంగతికి వస్తే, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారుపైనా, దిగుమతిదారుపైనా పెట్టినవి. వాటిని స్టోరేజీకి వచ్చి తీసుకుపోయేది ఎవరో, ఎన్ని రోజులలోనో ఆర్డరులోనే వ్రాయించుకొంటే సరిపోతుంది.