వృద్ధుల ఆరోగ్యంపై పరిశోధన: గడప దాకా వెళ్లే చదువు కావాలి

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైనే. వృద్ధాప్యంపై దేశవ్యాప్త దీర్ఘకాల అధ్యయనమైన ‘లాసి’ సర్వే 2017-18లో జరిగిన మొదటి విడతలో 45 ఏళ్లు, ఆపై వయసున్నవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వివరాలు సేకరించింది. ఇంత సమాచారం చేతిలో ఉండగా, ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేసేవారికి గణాంకాలు వస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. ‘మీకు బీపీ ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా?’ అన్న ప్రశ్ననే తీసుకోండి. ఏనాడూ ఆస్పత్రి గడప తొక్కని అవ్వ లేదనే అంటుంది. ఆ జవాబును నమ్ముకుంటే, వైద్యం అందని పేదలే ఆరోగ్యవంతులని తేలుతుంది. అందుకే లాసి బృందాలు బీపీని, చేతిపట్టు బలాన్ని స్వయంగా కొలిచాయి. వయసు సంగతీ అంతే. పుట్టిన తేదీ తెలియనివారు అరవై, డెబ్బై అని ఉజ్జాయింపుగా చెబుతారు. 1977 దివిసీమ ఉప్పెన నాటికి మీకు పెళ్లయిందా, పిల్లలెందరు అని అడిగి సరిచూడటం ఊళ్లో తిరిగితేనే అబ్బే విద్య.

ముందు డాక్టర్లు, నర్సులు కావాలి, పరిశోధకులు తర్వాత అనే వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ డాక్టర్లను ఎక్కడ నియమించాలో, మంచం పట్టిన ముసలివాళ్లను ఎవరు చూసుకుంటున్నారో చెప్పేది పరిశోధనే. వృద్ధాప్యం ఏళ్ల తరబడి సాగేది, పీహెచ్‌డీ నాలుగైదేళ్లలో ముగిసేది. కాబట్టి ప్రతి విద్యార్థినీ దీర్ఘకాల అధ్యయనంలో భాగం చేయాలి. వృద్ధుల వైద్యుడూ సామాజిక శాస్త్రవేత్తా కలిసి మార్గదర్శనం చేయాలి. ఇందుకయ్యే ఖర్చుకు వెనకాడితే, రేపటి పథకాలు తప్పుడు లెక్కల మీదే నిలబడతాయి.