పదహారు నిమిషాల ఆట... పదేళ్ల పని

హైదరాబాద్ పేరు మోస్తున్న ప్రొఫెషనల్ రగ్బీ జట్టు ‘హైదరాబాద్ హీరోస్’ మరో సీజన్ ముంగిట ఉంది. ఒలింపిక్ స్థాయి విదేశీ ఆటగాళ్లు గెలుపు రుచి చూపించగలరు. ఆ గెలుపు మన ఊళ్లో వేళ్లూనాలంటే మాత్రం అబిడ్స్, నాంపల్లి మైదానాల్లో పని మొదలవ్వాలి.

ఒకవైపు అబిడ్స్, మరోవైపు నాంపల్లి. మధ్యలో లాల్‌బహదూర్ స్టేడియం. తెల్లారేసరికి కిట్ బ్యాగులు భుజాన వేసుకున్న పిల్లలు, స్కూటర్ల మీద దింపి వెళ్లే నాన్నలు, ఈల మెడలో వేసుకున్న కోచ్‌లు. ఈ స్టేడియాన్ని అప్పట్లో ఫతే మైదాన్ అనేవారు. 1955లో న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి, టెస్టుల్లో భారత్ తరఫున తొలి డబుల్ సెంచరీ కొట్టింది ఇక్కడే. 1999లో అదే న్యూజిలాండ్ మీద సచిన్, ద్రవిడ్ కలిసి 331 పరుగులు జోడించిందీ ఇక్కడే. పక్కనే గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూలు అజహరుద్దీన్‌నీ, అర్షద్ అయూబ్‌నీ, వెంకటపతి రాజునీ దేశానికిచ్చింది. ఆటగాళ్లను తయారుచేయడం ఈ పేటకు అలవాటైన పనే.

ఇప్పుడు ఈ ఊరి పేరుతో మరో ఆట ఆడుతున్నారు. ఆ జట్టు పేరు హైదరాబాద్ హీరోస్. కొత్త సీజన్‌లో అది ఎలా రాణిస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు తొలి సీజన్ నేర్పిన పాఠం చూడాలి.

అంధేరిలో పుట్టిన హైదరాబాద్ జట్టు

దేశంలో తొలి ఫ్రాంచైజీ రగ్బీ పోటీ, రగ్బీ ప్రీమియర్ లీగ్, 2025 జూన్ 15 నుంచి 29 వరకు ముంబయిలోని అంధేరి స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో జరిగింది. రగ్బీ ఇండియాతో కలిసి దీన్ని నడిపింది రాజాం నుంచి ఎదిగిన మన జీఎంఆర్ సంస్థే. చెన్నై బుల్స్, దిల్లీ రెడ్జ్, బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్, ముంబయి డ్రీమర్స్, కళింగ బ్లాక్ టైగర్స్, హైదరాబాద్ హీరోస్... మొత్తం ఆరు జట్లు, 34 మ్యాచ్‌లు.

హీరోస్‌కు కోచ్‌గా వచ్చింది మామూలు మనిషి కాదు. న్యూజిలాండ్ సెవెన్స్ (ఏడుగురు ఆడే రగ్బీ) జట్టును ఏళ్ల తరబడి నడిపించిన డీజే ఫోర్బ్స్. భారత గడ్డ ఆయనకు కొత్త కాదు: 2010 దిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన న్యూజిలాండ్ జట్టుకు ఆయనే కెప్టెన్. మైదానంలో ఐర్లాండ్ వింగర్ టెర్రీ కెన్నెడీ ఉన్నాడు. 2022లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ ఆటగాడు అతనే. ఫిజీ నుంచి జోజీ నసోవా, స్పెయిన్ నుంచి మాను మొరేనో వచ్చారు. ఇంత బలం ఉన్నా చివరి రోజు కప్పు కోసం తలపడింది చెన్నై, దిల్లీ. ఆ ఫైనల్‌లో చెన్నై 41-0తో గెలిచింది.

ఆ స్కోరు దగ్గర కాస్త ఆగాలి. ఫైనల్‌కు చేరిన దిల్లీ బలహీనమైన జట్టేమీ కాదు. అయినా ఒక్క పాయింటూ రాలేదు. సెవెన్స్ రగ్బీలో ఒక జట్టు చేతికి బంతి చిక్కితే ఎదుటివాళ్లు ఎంత నిస్సహాయులవుతారో ఆ రాత్రి తేలిపోయింది. హీరోస్ కొత్త సీజన్ వ్యూహమంతా ఆ పాఠం మీదే కట్టాలి.

ఒక్క చూపులో ఆట

జట్టుకు ఏడుగురు. మైదానం మాత్రం పదిహేను మంది ఆడే రగ్బీ మైదానమంత. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో, వెనక్కో మాత్రమే అందించాలి. గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ‘ట్రై’, 5 పాయింట్లు. ఆ తర్వాత బంతిని నేల మీద పడేసి, అది లేచే క్షణంలో గోల్‌పోస్టుల మధ్యకు తంతే మరో 2. పెనాల్టీ కిక్కుకు 3. మామూలు సెవెన్స్‌లో ఏడేసి నిమిషాల రెండు భాగాలు ఉంటాయి. మన లీగ్‌లో నాలుగేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. మొత్తం 16 నిమిషాలు.

నాలుగు నిమిషాల లెక్క

సెవెన్స్‌లో ఒక నియమం కొత్తగా చూసేవాళ్లను ఆశ్చర్యపరుస్తుంది. ట్రై చేసిన జట్టే మళ్లీ బంతిని తన్ని ఆట మొదలుపెట్టాలి. ఆ బంతి గాల్లో పది మీటర్లు దాటి ఎదుటి జట్టు వైపు వెళ్తుంది. దాన్ని గాల్లోకి ఎగిరి ఎవరు అందుకుంటారన్నదే సగం మ్యాచ్. తన్నిన జట్టే తిరిగి బంతిని పట్టగలిగితే ఎదుటివాళ్లకు ఊపిరి ఆడదు. హీరోస్ ముందుగా బాగుచేసుకోవాల్సింది ఈ విభాగమే. ఎత్తుగా ఎగరగలిగే ఇద్దరు, ఆ బంతిని అంగుళం తేడా లేకుండా వేయగలిగే ఒక కిక్కర్ ఉంటే చాలు, పట్టికలో పైకి ఎక్కొచ్చు.

రెండోది క్రమశిక్షణ. సెవెన్స్‌లో పసుపు కార్డు పడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. నాలుగు నిమిషాల క్వార్టర్‌లో అది సరిగ్గా సగం. ఏడుగురి చోట ఆరుగురు రెండు నిమిషాలు అంత పెద్ద మైదానాన్ని కాయాలి. ఒక ఆలస్యపు ట్యాకిల్, భుజం పైకి పోయిన ఒక చెయ్యి మ్యాచ్‌ను మార్చేస్తాయి.

మూడోది ఓపిక. తొలి సీజన్‌లో ప్రతి జట్టూ మిగతా అయిదింటితో రెండేసి సార్లు తలపడింది. రెండు వారాల్లోపే పది లీగ్ మ్యాచ్‌లు. జూన్ ముంబయిలో వాన, ఉక్క, చేతిలోంచి జారే బంతి. ఇలాంటి పోటీలో ఏడుగురు మేటి ఆటగాళ్లున్న జట్టుకంటే పదమూడు మందినీ నమ్మి దించగలిగే జట్టే చివరిదాకా నిలబడుతుంది. హీరోస్ భవిష్యత్తు తేలేది ఇక్కడే.

ఆ అయిదు చొక్కాలు

తొలి సీజన్‌లో ఒక్కో జట్టుకు 13 మంది. అయిదుగురు ప్రపంచ స్థాయి విదేశీయులు. కెనడా, జర్మనీ, హాంకాంగ్ లాంటి రెండో వరస దేశాల నుంచి ముగ్గురు. వీరిని ‘బ్రిడ్జ్ ప్లేయర్లు’ అన్నారు. మిగిలిన అయిదుగురు భారతీయులు.

విదేశీ తారలు ప్రతి జట్టుకూ ఉన్నారు, రేపూ ఉంటారు. ఒక జట్టు ఒలింపియన్‌కు మరో జట్టు ఒలింపియన్ సరిపోతాడు. తేడా వచ్చేది ఆ అయిదు చొక్కాల్లోనే. మూడో క్వార్టర్‌లో అలిసిన కెన్నెడీ బయటికి వస్తే లోపలికి వెళ్లే కుర్రాడు అదే వేగంతో ట్యాకిల్ చేయగలడా? నసోవా పడిపోతూ వెనక్కి జారవిడిచిన బంతిని అందుకునే చోటికి ముందే చేరుకోగలడా? అలాంటి అయిదుగురు ఉన్న జట్టు కప్పు గెలుస్తుంది.

మరి ఆ కుర్రాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు? ఒడిశా, మహారాష్ట్ర, బెంగాల్, హరియాణా, దిల్లీ, బిహార్. వీటిలో ప్రతి చోటా ఎవరో ఒకరు ఏళ్ల తరబడి పిల్లలతో పనిచేశారు. భువనేశ్వర్‌లోని కిస్ విద్యాసంస్థకు చెందిన ఆదివాసీ పిల్లలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 అంతర్జాతీయ పాఠశాలల కప్పు గెలుచుకొచ్చారు. కోల్‌కతాలో 2004లో మొదలైన జంగిల్ క్రోస్ క్లబ్ బస్తీ పిల్లలకు బంతి అందించింది. బిహార్ ఇటీవలే ఈ ఆటలోకి దూసుకొచ్చింది. 2025 ఆగస్టులో రాజ్‌గిర్‌లో ఆసియా అండర్-20 సెవెన్స్ పోటీలు జరిగితే, సొంతగడ్డ మీద మన అమ్మాయిలు కాంస్యం గెలిచారు.

ఆ రాష్ట్రాల్లో జరిగిన పని మన దగ్గరా జరగాలి. హైదరాబాద్ హీరోస్ అంటే బయటి నుంచి తెచ్చుకున్న పదమూడు పేర్లు మాత్రమే అయితే, ఆ జట్టు ప్రతి ఏడాదీ కొత్తగా పుట్టి కొత్తగా చెదిరిపోతుంది.

ఈ నేలకు చేతనైన విద్యే

రగ్బీ మనది కాదంటారు కొందరు. కానీ 1872 క్రిస్మస్ నాడే కలకత్తాలో రగ్బీ ఆడారు. అక్కడి క్లబ్ మూతపడినప్పుడు ఖాతాలో మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేసిన కప్పు కోసమే ఇంగ్లండ్, స్కాట్లండ్ 1879 నుంచి నేటికీ పోటీపడుతున్నాయి. అయినా ఆట ఎక్కడ పుట్టిందన్నది కుర్రాడి కాళ్లకు అక్కర్లేదు. చెడుగుడు ఆడే పిల్లాడికి మనిషిని నడుం కింద పట్టి ఆపడం తెలుసు. ఖోఖో ఆడే అమ్మాయికి పరిగెడుతూనే దిశ మార్చడం, డైవ్ చేయడం తెలుసు. బంతిని వెనక్కి అందిస్తూ ముందుకు పరిగెత్తడం ఒక్కటే కొత్తగా నేర్పాలి.

నేర్పడం ఎలాగో చూపించినవాడూ ఈ ఊరివాడే. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా మొదలయ్యారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకు, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టుకు ఆయనే గురువు. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నీలు, చేతకాని కాలితోనే తన్నాల్సిన టోర్నీలు పెట్టి రహీం సాబ్ పిల్లల లోపాలు దిద్దారు. ఖరీదైన సదుపాయాల కోసం ఆగలేదు. నియమం ఒకటి మార్చి నైపుణ్యం ఒకటి నేర్పారు. రగ్బీకి ఇవాళ కావాల్సిన దారి అదే.

జోజీ నసోవా దేశాన్నే చూడండి. ఫిజీ జనాభా పది లక్షలు దాటదు. పురుషుల సెవెన్స్‌లో 2016 రియో, టోక్యో ఒలింపిక్ స్వర్ణాలు రెండూ వాళ్లవే. అంత చిన్న దేశం ప్రపంచాన్ని ఓడించడానికి కారణం, అక్కడ ఊరి పచ్చిక మీద ప్రతి పిల్లాడికీ బంతి దొరకడమే.

మైదానం ఉంటేనే జట్టు

బంతి దొరకాలంటే ముందు నేల దొరకాలి. లాల్‌బహదూర్ స్టేడియం రాజకీయ సభలకూ ప్రమాణ స్వీకారాలకూ వేదికవుతోంది. పందిరి గుంజలు దిగిన పచ్చిక కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఆగిపోయేది పిల్లల సాధనే. రగ్బీ పడి లేచే ఆట, మెత్తటి నేల లేకపోతే మోచేతులు చెక్కుకుపోతాయి. క్రీడాస్థలాన్ని ముందు క్రీడలకే కేటాయించాలని గట్టిగా అడగాల్సిన సమయమిది.

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్యదాకా సాగుతుంది. 1946 నుంచి అక్కడే జరుగుతోంది. స్టాళ్లు ఎత్తేశాక ఏడాదిలో చాలా భాగం మిగులుతుంది. ఆ జాగాలో ఒక మూల చదును చేసి పచ్చిక పెంచితే చుట్టుపక్కల బడుల పిల్లలకు సాయంత్రాలు దొరుకుతాయి. నిజాం కాలేజీ మైదానం ఉంది. అబిడ్స్, చాపెల్ రోడ్, గన్‌ఫౌండ్రీల్లో నడక దూరంలోనే అరడజనుకు పైగా పాత పాఠశాలలున్నాయి. వాటి మధ్య ఒక అంతర్ పాఠశాలల లీగ్ పెట్టడానికి బస్సులు కూడా అక్కర్లేదు.

అమ్మానాన్నలకు భయం ఉంటుంది, అది న్యాయమైనదే. అందుకే పిల్లలకు నేరుగా ట్యాకిల్ నేర్పరు. నడుముకు రెండు రిబ్బన్లు కట్టే ‘ట్యాగ్ రగ్బీ’తో మొదలుపెడతారు. రిబ్బన్ లాగితే ట్యాకిల్ అయినట్టే. ఎవరూ ఎవరినీ పడేయరు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ఆడొచ్చు. పెద్ద ఆటలో అడుగుపెట్టాక భుజం పైన పట్టుకోవడం నేరం. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆటగాణ్ని వెంటనే బయటికి తీసుకెళ్లాలన్నది ప్రపంచ రగ్బీ నియమం. శిక్షణ పొందిన కోచ్ ఉంటే ఇవన్నీ అమలవుతాయి. కాబట్టి మొదటి ఖర్చు బంతుల మీద కంటే కోచ్‌ల మీద పెట్టాలి.

కొత్త సీజన్‌లో ఏం చూడాలి

హీరోస్‌కు అవకాశాలు గట్టివే. తొలి ఫైనల్ ఏకపక్షంగా ముగిసినా, ఈ పోటీలో అందనంత ముందున్న జట్టు ఏదీ లేదు. పునఃప్రారంభపు బంతులు గెలిచి, పసుపు కార్డులు తప్పించుకుని, భారతీయ ఆటగాళ్లను లెక్క కోసం కాక నమ్మకంతో దించితే ఫైనల్ అందని చోటేమీ కాదు. మ్యాచ్ చూసేటప్పుడు ట్రైలు లెక్కపెట్టడంతో పాటు మూడో క్వార్టర్‌లో మైదానం మీద ఉన్న మన కుర్రాళ్లను చూడండి. వాళ్ల ట్యాకిల్ నిలిస్తే జట్టు నిలుస్తుంది.

ఫ్రాంచైజీకీ ఒక విన్నపం. సీజన్ ముగిశాక పెట్టెలు సర్దుకుని వెళ్లిపోవద్దు. మీ విదేశీ ఆటగాళ్లను రెండు రోజులు లాల్‌బహదూర్ స్టేడియానికి పంపండి. ఒక్కో బడికి నాలుగు బంతులు, ఒక్కో పీఈటీ సార్‌కు వారం శిక్షణ ఇవ్వండి. ప్రభుత్వం పచ్చికను కాపాడాలి, బడులు వారానికి రెండు పీరియడ్లు కేటాయించాలి. ఇవాళ ట్యాగ్ రగ్బీ మొదలుపెట్టిన తొమ్మిదేళ్ల పిల్లలకు పదేళ్లలో పంతొమ్మిది నిండుతాయి. అప్పటి వేలంలో హైదరాబాద్ జట్టు తన అయిదు చొక్కాల కోసం ఇతర రాష్ట్రాల వైపు చూడాల్సిన అవసరం ఉండకూడదు. ఆ లక్ష్యాన్ని ఈ సీజన్‌లోనే ప్రకటించి, పని మొదలుపెట్టిన జట్టుకు హైదరాబాద్ తప్పకుండా అండగా నిలుస్తుంది.