కడప బండల మీద విశాఖ యుద్ధం

ఆదివారం పొద్దున మా ముందు గదిలో ఫ్యాన్ కట్టేస్తాం. కుర్చీలన్నీ వసారాలోకి పోతాయి. నల్లటి కడప బండల మీద ఒక అంచున సుద్దముక్కతో వంకర గీత గీస్తాను. అది విశాఖపట్నం ఒడ్డు. తేదీ 1804 సెప్టెంబర్ 15. గీతకు ఇవతల ఆరు ఓడలు.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. తుమ్మలపెంట సముద్రం మా కావలికి దగ్గరే. అయినా నాకు నౌకాయుద్ధం అర్థమైంది మాత్రం ఈ బండల మీదే. చిన్న ఓడల బొమ్మలతో పాత యుద్ధాలను మళ్లీ నడిపే ఈ ఆటకు ప్రపంచమంతటా అభిమానులున్నారు. సీసంతో, ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మలు కొనుక్కుని రంగులు వేసుకుంటారు. నావి జీలుగు బెండుతో చెక్కినవి. చీపురు పుల్లలు తెరచాప కొయ్యలు. చాపలు పాత శుభలేఖల అట్టవి. ఆ అట్టకు కొంచెం బిరుసు ఉంటుంది, గాలికి ఉబ్బినట్టు వంచితే అట్లాగే నిలుస్తుంది.

కొలత చాలా ముఖ్యం. నిజం ఓడలో వంద అడుగులు నా దగ్గర ఒక అంగుళం. నూటయాభై అడుగుల యుద్ధనౌక ఒకటిన్నర అంగుళంలో ఇమిడిపోతుంది. సముద్రం మీద మైలు దూరమంటే నేల మీద సుమారు నాలుగున్నర అడుగులు. ఆడే ఇద్దరూ తమ ఓడ ఎటు, ఎంత దూరం పోవాలో ముందుగా చీటీ మీద రాస్తారు. చీటీలు ఒకేసారి విప్పుతాం. ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియకుండానే నిర్ణయం తీసుకోవాలి. తర్వాత గాలి వాటం చూసి ఓడలు జరుపుతాం, ఫిరంగి దూరం కంటితో అంచనా వేసి చెప్పాకే స్కేలు పెడతాం, దెబ్బ తగిలిందా లేదా పాచిక తేలుస్తుంది.

కంటితో అంచనా వేయడం నేను కనిపెట్టింది కాదు. న్యూయార్క్‌లో ఫ్లెచర్ ప్రాట్ అనే రచయిత ఆటలో అదే పద్ధతి. అంతకు ముందు 1898లో ఇంగ్లండులో ఫ్రెడ్ జేన్ నౌకాయుద్ధాల ఆటకు నియమాలు అచ్చు వేశాడు. యుద్ధనౌకల వివరాలతో ఏటేటా వచ్చే ప్రసిద్ధ గ్రంథాన్ని మొదలుపెట్టిందీ ఆయనే.

ఇది ఆటే, కానీ ప్రాణాలు కాపాడిన ఆట. 1942లో లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాదళ అధికారి నేలనే సముద్రంగా చేసి, జర్మన్ జలాంతర్గాముల ఎత్తుగడలను మళ్లీ మళ్లీ ఆడించి చూశాడు. ఆయనతో పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది మహిళా నౌకాదళానికి చెందిన పడుచుపిల్లలు. ఓడల కెప్టెన్లను తెర వెనక కూర్చోబెట్టి, సన్నని కంతలోంచి మాత్రమే చూడనిచ్చేవారు. నడిసముద్రంలో కెప్టెన్‌కు కనిపించేది అంతే కదా! అక్కడ తేలిన ఎత్తులను అట్లాంటిక్ కాన్వాయ్‌లు నిజంగా వాడుకున్నాయి. మా ఇంట్లో ఆ తెర పని ఒక పాత నేత చీర చేస్తుంది.

విశాఖ అనగానే మనవాళ్లు 1971 నాటి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి చెబుతారు. 1804 ఎవరికీ గుర్తులేదు. నాకు బాధ కలిగించేది అదే. ఆ రోజు ఇంగ్లీషువాళ్ల 50 ఫిరంగుల సెంచూరియన్, దాని కాపలాలో ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ అనే రెండు వర్తకపు ఓడలు విశాఖ రేవులో లంగరేసి ఉన్నాయి. ఫ్రెంచి సేనాని లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చి పడ్డాడు. వాటిలో ఒక్క మరెంగోకే 74 ఫిరంగులు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. చావుదెబ్బలు తిన్న సెంచూరియన్ మాత్రం మెరకల వైపు జరిగి పోరాడింది. లినోవా చిక్కిన ఒక్క వర్తకపు ఓడతో వెనుదిరిగాడు.

అంత బలం ఉండి ఎందుకు పోయాడు? పుస్తకంలో చదివినప్పుడు పిరికివాడనుకున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా మనవడు లినోవాగా ఆడిన రోజు ఆ మాట వెనక్కి తీసుకున్నాను. లోతుల పటం నా ఒక్కడి చేతిలోనే ఉంటుంది. లోతు కావాలంటే ఒక వంతు ఆగి, గుండు కట్టిన తాడు దించినట్టు నన్ను అడగాలి. సెంచూరియన్ నడిపింది తుమ్మలపెంటలో వేటకెళ్లే మా పాత శిష్యుడు. వాడు చీటీ మీద ఒక్క మాట రాశాడు: "ఒడ్డుకు."

మనవడు చీర కంతలోంచి చాలాసేపు చూశాడు. "తాతా, ఈడ మెరక తగిలితే మళ్లీ ఎట్టా లాగాల?" అన్నాడు.

"లాగే దిక్కు లేదు నాయనా. బాగు చేసుకునే రేవు మారిషస్‌లో ఉంది" అన్నాను.

"వాడికి ఈ ఇసుక తెలీదు సారూ, మనకి తెలుసు" అన్నాడు శిష్యుడు, బెండు ఓడను ఇంకో అంగుళం గీత వైపు జరుపుతూ.

మనవడు చీటీ చించి, కొత్త చీటీ మీద 'వెనక్కి' అని రాశాడు. ఆ పిల్లవాడు లినోవా గురించి ఒక్క పేజీ కూడా చదవలేదు.

బడుల్లో చరిత్ర చెప్పే మాస్టార్లకు నాదొక మనవి. ఒక సుద్దముక్క, రెండు పాచికలు, నాలుగు బెండు ముక్కలు చాలు. ఒక్క పీరియడు బల్లలు పక్కకు జరపండి. మొదటి యుద్ధం మన తీరంలో జరిగిందే పెట్టండి.