పాతరగడ్డికి తోడు

1945లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పశువుల మేత నిల్వచేసే పనికి దక్కింది. గ్రహీత ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆర్టూరి ఇల్మారి విర్టనెన్. ఆ దేశంలో చలికాలం నెలల తరబడి సాగుతుంది, అన్నాళ్లూ ఆవులకు పచ్చిమేత దొరకదు. వేసవిలో కోసిన గడ్డిని తొక్కి దాచిపెడితే తరచూ కుళ్లిపోయేది. 1920ల చివర్లో విర్టనెన్ దానికి మొరటు మందే కనిపెట్టారు. హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలను పలచన చేసి గడ్డిమీద పోయించారు. పులుపు పెరిగి పీహెచ్ ఒక్కసారిగా 4 దిగువకు పడిపోయేది, కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ఆట కట్టేది. ఆయన పేరులోని పొడి అక్షరాలతో దీన్ని ఏఐవీ పద్ధతి అన్నారు. గడ్డిలోని మాంసకృత్తులు వసంతం దాకా నిలిచాయి. కానీ ఆ ఆమ్లాలు ఇనుమును తినేసేవి, ఒంటిమీద పడితే కాల్చేవి.

నిజానికి ఆ పులుపును బయటినుంచి పోయక్కర్లేదు. గాలి తగలకుండా గట్టిగా తొక్కిన పాతరలో గడ్డిలోని చక్కెరల నుంచే లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. దాన్ని చేసే బ్యాక్టీరియా ఆకుల మీదే ఉంటుంది. మరి బయటినుంచి కల్చర్, అంటే బ్యాక్టీరియా తోడు, దేనికి?

పాలు తోడుపెట్టే ముందు కాచుతాం. పోటీకొచ్చే సూక్ష్మజీవులు చాలావరకు అక్కడే చస్తాయి, తర్వాత వేసిన తోడుకు ఎదురుండదు. టన్నుల కొద్దీ మొక్కజొన్న చొప్పను అలా కాచలేం. తరిగిన చొప్పతోపాటు ఈస్టులు, బూజులు, మట్టిలోంచి అంటుకున్న క్లాస్ట్రిడియాలనే బ్యాక్టీరియా కూడా పాతరలోకి దిగుతాయి. పులుపు ఎక్కడం ఆలస్యమైతే క్లాస్ట్రిడియాలది పైచేయి. అవి లాక్టిక్ ఆమ్లాన్నే తిని బ్యూటిరిక్ ఆమ్లం చేస్తాయి, మాంసకృత్తులను విరగ్గొడతాయి. ముక్కు మూసుకునేంత కంపు కొట్టే ఆ మేతను పశువు ముట్టదు. అందుకే మంచి బ్యాక్టీరియాను బయటినుంచి దింపాలన్న ఆలోచన పుట్టింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే ఫ్రాన్స్‌లో బీట్ చక్కెర తీశాక మిగిలిన పిప్పిమీద ఇలాంటి కల్చర్లు వాడి చూశారు. ద్రవరూపంలో ఉండే ఆ కల్చర్లను బతికించి రైతుదాకా చేర్చడం కష్టం. గడ్డకట్టించి తేమ లాగేసి పొడిచేసే పద్ధతి రెండో ప్రపంచయుద్ధ కాలంలో రక్తపు ప్లాస్మా కోసం పెద్దయెత్తున అభివృద్ధి చెందింది. ఆ పద్ధతి చేతికొచ్చాకే బ్యాక్టీరియా పొట్లంలో నిద్రపోతూ దూరాలు ప్రయాణించగలిగింది.

ఏ బ్యాక్టీరియాను పొట్లంలో పెట్టాలో 1961లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో రోజర్ విట్టెన్‌బరీ తేల్చారు. అది వేగంగా పెరగాలి, పీహెచ్ 4కు దిగేంత పులుపునైనా తట్టుకోవాలి, చక్కెరను మొత్తంగా లాక్టిక్ ఆమ్లంగానే మార్చాలి. ఒక గ్లూకోజ్ అణువు నుంచి రెండు లాక్టిక్ ఆమ్ల అణువులు వస్తే వాయువు పుట్టదు, మేత బరువు తగ్గదు. ఈ కొలతలకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ చక్కగా సరిపోయింది. గ్రాము మేతకు లక్ష బతికున్న కణాలు పడాలన్నది స్థిరపడిన మోతాదు. అంటే టన్నుకు పదివేల కోట్లు! ఇన్ని కణాలు కొద్దిపాటి పొడిలో ఇమిడిపోతాయి.

ఇక్కడితో కథ సుఖాంతం కావాల్సింది. అసలు చిక్కు పాతర తెరిచాక వచ్చింది. ప్లాంటారమ్ చేసిన మేత లోపల ఉన్నంతకాలం బంగారంలా ఉండేది, గాలి తగలగానే వేడెక్కేది. కల్చర్ వేయని మేతకంటే కొన్నిసార్లు త్వరగా పాడైందని 1993లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. కారణం ఆ శుద్ధమైన లాక్టిక్ ఆమ్లమే. గాలి దొరికిన ఈస్టులకు అది ఆహారం. అవి దాన్ని తినేకొద్దీ పులుపు తగ్గుతుంది, వెనకే బూజు దిగుతుంది. ఈస్టులను అణిచేది అసిటిక్ ఆమ్లం. దాన్ని చేసే జీవులనేమో దండగమారివని మొదట్లోనే పక్కన పెట్టారు.

అలా పక్కన పెట్టినవాటిలో ఒకటి లాక్టోబాసిల్లస్ బుక్నెరి. పాతర తెరిచాక మేతను నిలబెట్టగల బ్యాక్టీరియాగా 1996లో అమెరికాలో రిచర్డ్ మక్ దాన్ని ముందుకు తెచ్చారు. 2001లో నెదర్లాండ్స్ పరిశోధకులు అది చేసే పని గుట్టు విప్పారు. తయారైన లాక్టిక్ ఆమ్లంలో కొంత భాగాన్ని అది గాలి లేకుండానే అసిటిక్ ఆమ్లంగా, ప్రొపేన్‌డయోల్‌గా మారుస్తుంది. కాస్త బరువు పోతుంది నిజమే. ఆ నష్టానికి దక్కే ఫలితం చూడండి. 2006లో అనేక ప్రయోగాలను కలిపి లెక్కిస్తే, కల్చర్ వేయని మొక్కజొన్న పాతరగడ్డి 25 గంటల్లో పాడవగా, ఎక్కువ మోతాదులో బుక్నెరి వేసినది 503 గంటలు నిలిచింది. వేగాన్నే గుణంగా ఎంచిన రోజుల్లో నెమ్మదస్తురాలైన ఈ బ్యాక్టీరియాను ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఆవిష్కరణ చరిత్రలో అతి విలువైన మలుపు ఇదేనని నా నమ్మకం.

తెలుగునేలకు ఈ తేడా ఎంతో ముఖ్యం. మన ఎండలకు తెరిచిన మేత త్వరగా వేడెక్కుతుంది. నాలుగైదు గేదెలున్న ఇంట్లో రోజుకు తీసే మేత కొద్దిగానే ఉంటుంది, తెరిచిన ముఖం చాలాసేపు గాలికి ఉంటుంది. పైగా పాలగింజ దశ దాటాక కోసిన మొక్కజొన్నలో చక్కెర పుష్కలం, అది తనంత తానే పులుస్తుంది. ప్లాంటారమ్ వంటి కల్చర్లు గడ్డి, పప్పుజాతి మేతల పులియడాన్ని మెరుగుపరిచాయి కానీ మొక్కజొన్న, జొన్నల్లో అలాంటి మేలు కనిపించలేదని 2017లో వెలువడిన పెద్ద సమీక్ష చెప్పింది. కాబట్టి చక్కెర తక్కువగా, తేమ ఎక్కువగా ఉండే నేపియర్ గడ్డికి ప్లాంటారమ్, కాస్త మొలాసిస్ తోడుంటే మంచిది. మొక్కజొన్నకు బుక్నెరి ఉన్నది వెతకాలి. పాల దిగుబడి అమాంతం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అదే సమీక్షలో తేలిన పెరుగుదల ఆవుకు రోజుకు కిలోలో మూడోవంతుకు కాస్త పైన.

ఏ కల్చరూ వదులుగా తొక్కిన పాతరను కాపాడలేదు. ముందు చాఫ్ కట్టర్‌తో సన్నగా తరగాలి, ట్రాక్టర్‌తో పొర పొరగా తొక్కించాలి, టార్పాలిన్ అంచులు మట్టితో మూయాలి. ఆ తర్వాతే పొట్లం మాట. కొనేటప్పుడు బ్యాక్టీరియా పేరు, గ్రాముకు బతికున్న కణాల సంఖ్య, గడువు తేదీ చూడండి. అవి రాయని పొట్లాన్ని తిరిగిచ్చేయండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లలో కలపకండి, కణాలు చస్తాయి. బుక్నెరి వేసిన పాతరను కనీసం రెండు నెలలదాకా తెరవకండి. దాని పని పూర్తి కావడానికి అంత సమయం పడుతుంది.