ఉత్తర తెలంగాణలో బహిరంగ విద్యుత్ ఛార్జింగ్ వ్యవస్థలు: వ్యయం, సౌలభ్యం – కరీంనగర్, ఆదిలాబాద్‌ల తులనాత్మక పరిశీలన

విద్యుత్ వాహనాల ఛార్జింగ్ కేంద్రాలను పోల్చేటప్పుడు సాధారణంగా యూనిట్ ధరనే కొలమానంగా తీసుకుంటారు. కేంద్రాలు దగ్గరదగ్గరగా ఉండే మహానగరంలో ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. ఉత్తర తెలంగాణలో మాత్రం ధరల మధ్య వ్యత్యాసం కంటే కేంద్రాల మధ్య దూరమే వినియోగదారుని నిర్ణయాన్ని ఎక్కువగా శాసిస్తుంది.

ధర నిర్మాణం

ఛార్జింగ్ అనేది విద్యుత్ విక్రయం కాదు, ఒక సేవ అని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అందువల్ల కేంద్రం నెలకొల్పడానికి విద్యుత్ లైసెన్సు అవసరం లేదు. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ఛార్జింగ్ కేంద్రాలను ప్రత్యేక వర్గంగా గుర్తించి యూనిట్‌కు 6 రూపాయల ధర నిర్ణయించింది. కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనివే కనుక ఈ మూల ధరలో తేడా లేదు. అయినా వేగవంతమైన డీసీ ఛార్జర్ వద్ద వాహనదారుడు యూనిట్‌కు సుమారు 15 నుంచి 25 రూపాయలు చెల్లిస్తున్నాడు. యంత్రం, ట్రాన్స్‌ఫార్మర్, స్థలం, నిర్వహణ, 18 శాతం జీఎస్టీ ఈ అంతరంలో ఇమిడి ఉన్నాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది వినియోగ స్థాయి. 60 కిలోవాట్ల ఛార్జర్ రోజంతా ఎడతెగకుండా పనిచేస్తే 1,440 యూనిట్లు అందించగలదు. రోజుకు రెండు కార్లే వస్తే 50 యూనిట్లు కూడా దాటకపోవచ్చు. స్థిర వ్యయం మారదు, దానిని పంచుకొనేవారి సంఖ్య మారుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 2.6 లక్షల జనాభా ఉన్న కరీంనగర్‌కూ, 1.17 లక్షలున్న ఆదిలాబాద్‌కూ మధ్య వ్యాపార దృష్టిలో కనిపించే దూరం ఇదే.

ఇంటి ఛార్జింగ్ చవకేనా?

బహిరంగ కేంద్రం ఖరీదైనది, ఇల్లు చవకైనది అన్న అభిప్రాయాన్ని ఇక్కడ యథాతథంగా స్వీకరించడం కష్టం. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. పరిమితి దాటితే మొత్తం బిల్లు చెల్లించవలసిందే. నెలకు 180 యూనిట్లు వాడే ఒక కుటుంబం విద్యుత్ స్కూటర్ కొన్నదనుకుందాం. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీని నెలకు పదిసార్లు నింపితే, ఛార్జింగ్ నష్టాలతో కలిపి సుమారు 35 యూనిట్లు అదనమవుతాయి. వాడకం 215కు చేరి, సున్నా బిల్లు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ భారాన్ని 35 యూనిట్లకే పంచితే యూనిట్‌కు దాదాపు 30 రూపాయలు! ఖరీదైన రహదారి ఛార్జర్ కూడా ఇంతకంటే చవకే. నెలకు 120 యూనిట్లు వాడే ఇంట్లో మాత్రం అదే స్కూటర్ ఉచితంగా నడుస్తుంది. అంటే తెల్ల రేషన్ కార్డు కుటుంబానికి ఛార్జింగ్ ఖర్చు వాహనాన్ని బట్టి కాక, ఇంట్లోని ఫ్రిజ్, కూలర్లను బట్టి నిర్ణయమవుతోంది. వేసవిలో ఈ లెక్క మళ్లీ తారుమారవుతుంది.

రెండు దారులు, రెండు అవసరాలు

కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు రాజీవ్ రహదారి మీదుగా సుమారు 160 కిలోమీటర్లు. యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు నడిచే కారుకు దాదాపు 25 యూనిట్లు కావాలి. 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంటే దారిలో ఆగనక్కరలేదు. గమ్యంలో నింపుకొంటే చాలు. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు 44వ జాతీయ రహదారిపై సుమారు 300 కిలోమీటర్లు, అంటే 46 యూనిట్లు. నిర్మల్ దాటాక వచ్చే ఘాట్ ఎక్కుడు, శీతకాలపు రాత్రుల్లో పది డిగ్రీల దిగువకు పడిపోయే ఉష్ణోగ్రత ఈ అంచనాను ఇంకా పెంచుతాయి. చలిలో లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జింగ్‌ను నెమ్మదిగా స్వీకరిస్తుంది. కాబట్టి ఈ దారిలో ఆగడం తప్పనిసరి, ఆగినచోట యంత్రం పనిచేయడం మరింత తప్పనిసరి. ఒకే తుపాకి ఉన్న కేంద్రం చెడిపోతే యూనిట్‌కు రెండు రూపాయలు ఆదా చేసే వ్యవస్థ వల్ల ప్రయోజనం లేదు.

టాటా పవర్, స్టాటిక్, జియో-బీపీ, చమురు సంస్థల బంకులు దేనికది వేరు యాప్, వేరు వాలెట్‌తో నడవడం మరొక చిక్కు. ముందుగా జమచేసి వాడని సొమ్ము కూడా వ్యయంలో భాగమే. ధరల పట్టికల్లో అది కనబడదు.

ఆర్టీసీ ఈ ఇబ్బందులను వేరొక మార్గంలో దాటింది. 2024 సెప్టెంబరులో కరీంనగర్-2 డిపో నుంచి విద్యుత్ బస్సులు ప్రారంభమయ్యాయి. డిపోలోనే ఛార్జర్లు, తెలిసిన వేళలు, తెలిసిన దూరం ఉండటంతో అక్కడ వినియోగ స్థాయి అనే సమస్యే తలెత్తదు. బహిరంగ కేంద్రానికి ఈ మూడింటిలో ఏదీ లేదు.

మార్గదర్శకాల వలలో చిక్కని ప్రాంతం

కేంద్రం 2022 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు నగరాల్లో 3 కిలోమీటర్ల చదరానికి ఒకటి, రహదారులపై ఇరువైపులా 25 కిలోమీటర్లకు ఒకటి చొప్పున కేంద్రాలుండాలన్నాయి. తొలి దశ ప్రాధాన్యం 40 లక్షలకు పైబడిన జనాభా గల మహానగరాలకూ వాటిని కలిపే రహదారులకూ, మలి దశ రాష్ట్ర రాజధానులకూ దక్కింది. హైదరాబాద్–నాగపూర్ రహదారి పుణ్యాన ఆదిలాబాద్ ఈ చట్రంలోకి వచ్చింది. అయితే అక్కడి ఛార్జర్ ప్రధానంగా దాటిపోయే కార్ల కోసమే. స్థానికంగా తిరిగేవి ఆటోలు, స్కూటర్లు. కార్ల సీసీఎస్-2 ప్లగ్ వాటికి సరిపోదు. స్కూటర్లలోనూ ఏథర్‌ది ఒక కనెక్టరు, ఓలాది మరొకటి. ఇక గుడిహత్నూర్ వద్ద రహదారి వదిలి ఇంద్రవెల్లి మీదుగా వెళ్లే ఉట్నూరు నగరమూ కాదు, జాతీయ రహదారి మీద ఊరూ కాదు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్న ఆ కేంద్రానికి రోజూ వచ్చిపోయే ఆటోకు కావలసింది 60 కిలోవాట్ల యంత్రం కాదు, మీటరు బిగించిన ఒక 16 ఆంపియర్ల సాకెట్, నీడ, రెండు మూడు గంటల వ్యవధి.