తాతయ్య పేరు పూర్తిగా రాయిద్దాం



ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టులో ఒక బాబు తాతయ్య పేరు ‘ఎ. నాయుడు’ అని రాశాడు. ‘ఎ’ అంటే ఏమిటని అడిగితే, తలదించుకుని ‘అప్పలనాయుడు’ అన్నాడు.

సింహాచలం వరాహలక్ష్మీనరసింహస్వామిని మనం ప్రేమగా అప్పన్న అంటాం. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ... అన్నీ ఆ స్వామి పేర్లే. సింహాచలం, సింహాద్రి అనేవి ఆ కొండ పేర్లు.

ఈ పేర్లు సముద్రం కూడా దాటాయి. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అప్పల్‌సామి, అప్పల్‌రాజు నేటికీ ఇంటిపేర్లుగా నిలిచి ఉన్నాయి.

అంత దూరం వెళ్లినా చెరగని పేరు మన పిల్లల నోట్‌బుక్‌లో ఒక్క అక్షరమైపోకూడదు. ఈ ఆదివారం తాతయ్య దగ్గర కూర్చోబెట్టండి. ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారో పిల్లల్నే అడగనివ్వండి.