బేగంపేట గాజు పలకలు, మాధాపూర్ యాప్‌లు

మాధాపూర్‌లో ఎవరైనా ఆకాశాన్ని చూపించే యాప్ తయారుచేస్తుంటే, నక్షత్రాల వివరాలకు ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ నుంచి నడిచే విజియర్ సర్వీసును అడగొచ్చు. అందులో దొరికే టైకో-2 అనే నక్షత్రాల పట్టికలో నక్షత్రం స్థానంతో పాటు, అది ఏటా ఎంత పక్కకు జరుగుతోందో చెప్పే రెండు అంకెలూ ఉంటాయి. చాలా నక్షత్రాలకు ఆ రెండు అంకెల వెనక హైదరాబాద్ పనితనం ఉంది. మన ఐటీ కుర్రాళ్లకు ఇది తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఫోటోలు తీయాలని నిశ్చయించి, వేధశాలలకు వాటాలు పంచారు. చిలీలోని శాంటియాగో తన వాటా పూర్తి చేయలేకపోయింది. ఆ పని నిజామియా వేధశాలకు వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంతంగా ప్రారంభించిన ఈ వేధశాలను ఆయన మరణం తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుని, బేగంపేటలో స్థిరపరిచింది. ఇంగ్లండ్‌లోని కుక్ కంపెనీ చేసిన 8 అంగుళాల కెమెరా దూరదర్శినికి ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ దక్కింది. 1914 నుంచి 1929 దాకా ఆ ఫోటోలు తీశారు. తర్వాత ఉత్తరాన మరో పట్టీ. రాబర్ట్ పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఈ పని నడిపించారు. గాజు పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక నిమిషం కోణం. మనుషులు సూక్ష్మదర్శినిలో చూస్తూ ఒక్కో చుక్కను కొలిచి, అంకెలను పుస్తకాలుగా అచ్చువేయించారు.

ఐరోపా వారి హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 వరకు మాత్రమే పరిశీలించింది. ఏడాదికి కోణపు సెకనులో నూరో వంతు జరిగే నక్షత్రం ఆ మూడేళ్ల పైచిలుకు కాలంలో ఎంత కదులుతుంది? దాదాపు 0.035 సెకన్లు. అదే 1915 నాటి పలకతో పోలిస్తే 75 ఏళ్ల తేడా. జరిగిన దూరం ముప్పావు సెకను, పలక మీద 0.0125 మిల్లీమీటర్లు. కొలతలో తప్పు అంతే ఉన్నా, వ్యవధి పెరిగేకొద్దీ వేగం మీద దాని ప్రభావం తగ్గుతుంది. అందుకే ఆ పాత పుస్తకాల్లోని అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఉపగ్రహం ఇచ్చిన స్థానాలతో పోల్చి, 2000లో టైకో-2ను వెలువరించారు. అందులో 25 లక్షల నక్షత్రాలు. స్టెల్లేరియం లాంటి ప్రోగ్రాములు దాన్ని వాడుకున్నాయి.

గయా ఉపగ్రహం వచ్చాక యాప్‌లకు టైకో-2 అవసరం తగ్గింది. 2022 నాటి గయా మూడో విడుదలలో దాదాపు 180 కోట్ల ఖగోళ వస్తువులు ఉన్నాయి. కానీ 75 ఏళ్ల సగటు వేగానికి ఇంకో విలువ ఉంది. ఒక నక్షత్రానికి మనకు కనబడని జంట ఉంటే, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం వల్ల దాని నడక కొద్దిగా వంకర తిరుగుతుంది. హిప్పార్కస్ మూడేళ్ల పైచిలుకు కాలంలో కొలిచిన వేగం, 75 ఏళ్ల సగటు వేగం వేరువేరుగా వస్తాయి. టైకో-2ను హిప్పార్కస్‌తో సరిపోల్చి ఖగోళ శాస్త్రజ్ఞులు ఇలాంటి దాగిన జంటలను అనేకం పట్టుకున్నారు.